టెక్సస్‌లో గన్ క్యారీ లైసెన్స్: ఇంట్లో ఎఫ్-1 తమ్ముడు, బి-2 మీద అమ్మానాన్న ఉంటే ఎలా?

ఫ్రిస్కో_కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. పన్నెండేళ్ళు హెచ్-1బి మీద గడిపాక ఈ వేసవిలో నాకూ మా ఆవిడకూ గ్రీన్ కార్డ్ వచ్చింది. గత నెల మా వెనక వీధిలో ఒక తెలుగువాళ్ళు పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి వెనక తలుపు పగలగొట్టి బంగారం మొత్తం ఎత్తుకుపోయారు. అప్పటి నుంచి మా ఆవిడకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. చిన్న చప్పుడైనా లేచి కూర్చుంటుంది.

ఒక పిస్టల్ కొందామని నిర్ణయించుకున్నాం. టెక్సస్‌లో క్యారీ చేయడానికి, అంటే గన్ వెంట పెట్టుకుని తిరగడానికి, లైసెన్స్ అక్కర్లేదని ఆఫీసులో అందరూ అంటున్నారు. నిజమేనా? మా తమ్ముడు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద మా ఇంట్లోనే ఉంటున్నాడు. అమ్మానాన్న నవంబర్‌లో బి-2 విజిటర్ వీసా మీద వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. డిసెంబర్ సెలవుల్లో అందరం కారులో న్యూజెర్సీ, మా బావమరిది ఇంటికి వెళ్తాం. దారిలో మోటెళ్ళలో దిగాలి కాబట్టి గన్ వెంట తీసుకెళ్దామనుకుంటున్నాను. ఏడేళ్ళ పాప ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

ప్లేనో_పాతకాపు

మీ ఆఫీసులోవాళ్ళు చెప్పింది నిజమే. హెచ్‌బి 1927 అనే చట్టం 2021 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం గన్ ఉంచుకోవడానికి అర్హత ఉన్నవాళ్ళు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. ఈ "అర్హత ఉంటే" అన్న మాట దగ్గరే మనవాళ్ళు పొరపాటు పడతారు. రాష్ట్రం లైసెన్స్ అడగకపోయినా ఫెడరల్ చట్టం అక్కడే ఉంటుంది.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. షాపులో ఫారం 4473 నింపి, అందులో మీ ఏలియన్ నంబర్ రాస్తే, వాళ్ళు నిక్స్ అనే ఫెడరల్ వ్యవస్థ ద్వారా బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. ఆ ఫారంలో ఒక్క ప్రశ్నకు తెలిసి తప్పు రాసినా అది ఫెలొనీ, అంటే పెద్ద నేరం. గంజాయి గురించి ప్రశ్న ఉంటుంది. ఏ రాష్ట్రం దాన్ని అనుమతించినా ఫెడరల్ చట్టానికి సంబంధం లేదని ఫారం మీదే రాసి ఉంటుంది.

లైసెన్స్ అక్కర్లేకపోయినా తీసుకోండి అనే నేను చెబుతాను. ముఖ్యమైన కారణం స్కూళ్ళు. ఫెడరల్ గన్ ఫ్రీ స్కూల్ జోన్స్ చట్టం ప్రకారం స్కూలు ఆవరణ నుంచి 1,000 అడుగుల లోపల గన్ ఉండకూడదు. ఆ స్కూలు ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకుండా క్యారీ చేసేవాళ్ళకు ఆ మినహాయింపు రాదు. అన్‌లోడ్ చేసి తాళం వేసిన పెట్టెలో పెడితే వేరే సంగతి. ఫ్రిస్కోలో రెండు మైళ్ళు నడిపితే స్కూలు తగలని రోడ్డు ఏది? పాపను దింపడానికి రోజూ వెళ్ళే మనిషి మీరు.

లైసెన్స్ ఇచ్చేది డీపీఎస్, అంటే రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ శాఖ. ఫీజు 40 డాలర్లు. క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు, ఆన్‌లైన్‌లో కూడా చదవచ్చు, కానీ రేంజ్‌కు వెళ్ళి కాల్చి చూపించాల్సిందే. 3, 7, 15 గజాల దూరం నుంచి మొత్తం 50 రౌండ్లు, అంటే 50 తూటాలు. 70 శాతం రావాలి.

---

ఎంఎస్_విద్యార్థి

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేనూ ఎఫ్-1. హంటింగ్ లైసెన్స్ ఉంటే స్టూడెంట్స్ కూడా గన్ కొనుక్కోవచ్చని మా రూమ్మేట్ అంటున్నాడు. రాత్రి షిఫ్ట్ చేసే ఫ్రెండ్స్ భయంతో బతుకుతున్నారు. ఇంకొకడికి సిటిజన్ కజిన్ ఉన్నాడు, "మా అన్న పేరు మీద కొని ఇస్తాడు" అంటున్నాడు.

---

ప్లేనో_పాతకాపు

తమ్ముడూ, రెండో విషయం ముందు. వాడి అన్న పేరు మీద కొని వాడికివ్వడాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. 2022లో వచ్చిన చట్టం దానికి విడిగా 15 ఏళ్ళ వరకు శిక్ష పెట్టింది. ఇద్దరూ జైలుకు పోతారు. ఇవాళే ఫోన్ చేసి ఆపండి.

మొదటిది. ఫెడరల్ చట్టంలో సెక్షన్ 922(జి)(5) ఉంది. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు, అంటే ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, బి-2 అందరూ, గన్ కానీ తూటా కానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం సంగతి తర్వాత, "దగ్గర ఉండటమే" నేరం. ఒక్క తూటా ఉన్నా అంతే. మీ రూమ్మేట్ చెప్పిన మినహాయింపు చట్టంలో నిజంగానే ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. కానీ దాన్ని పట్టుకుని వేలాడితే ఏమవుతుందో చూడండి. టెక్సస్ హంటింగ్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1 ఉదయం మీరు రెన్యూ చేయడం మరిచిపోతే, అల్మారాలో కదలకుండా ఉన్న గన్ మిమ్మల్ని ఫెడరల్ నేరస్తుణ్ణి చేస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రెహైఫ్ కేసు చదవండి. యూఏఈ నుంచి ఫ్లోరిడాకు చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. మార్కులు తగ్గి యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టేటస్ పోయింది. తర్వాత షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి గన్ పట్టుకున్నాడు. కేసు ఆఖరి కోర్టు దాకా వెళ్ళింది. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసు అని కూడా ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పింది. అది అతనికి కొంత మేలు చేసిందేమో కానీ, అప్పటికే అతను ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాడో ఆలోచించండి. స్టేటస్ పోతే హంటింగ్ లైసెన్స్ కాపాడదు. మన పిల్లల్లో ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) గడువులు, క్రెడిట్లు తగ్గడం, సెవిస్ (ప్రభుత్వం దగ్గర ఉండే విద్యార్థుల నమోదు) రికార్డు ఆగిపోవడం ఎంత మామూలో మీకు తెలుసు.

---

ఎంఎస్_విద్యార్థి

అంటే రేంజ్‌కు వెళ్ళి అద్దె గన్‌తో సరదాగా కాల్చడం కూడా తప్పేనా? మా బ్యాచ్‌లో సగం మంది వెళ్ళి ఫోటోలు పెట్టారు.

---

ప్లేనో_పాతకాపు

హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే తప్పే. అద్దెకు తీసుకున్నా చేతిలో ఉన్నట్టే. ఆ ఫోటోలు తీసేయడం మంచిదా కాదా అని నన్ను అడగొద్దు, అది లాయర్‌తో మాట్లాడాల్సిన విషయం. ఇక ముందు వెళ్ళకండి.

---

మోడరేటర్

ఇక్కడ రాసేవి అనుభవం మీద చెప్పే మాటలు. ఎవరి కేసు గురించైనా నిర్ణయం తీసుకునే ముందు క్రిమినల్ లా, ఇమ్మిగ్రేషన్ లా రెండూ తెలిసిన లాయర్‌ను కలవండి. మీ అడ్రస్, గన్ మోడల్, సీరియల్ నంబర్ లాంటివి ఇక్కడ పెట్టకండి.

---

ఎడిసన్_అక్క

ఫ్రిస్కో తమ్ముడూ, నీ బావమరిది మా ఊరివాడే అయితే దయచేసి నేను చెప్పేది విను. గన్ తీసుకుని న్యూజెర్సీ రావద్దు.

మా రాష్ట్రం వేరే ఏ రాష్ట్రం లైసెన్స్‌నూ ఒప్పుకోదు. ఇక్కడి పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ వెంట ఉంటే సెకండ్ డిగ్రీ నేరం. ఐదు నుంచి పదేళ్ళు. గ్రేవ్స్ యాక్ట్ అని ఒకటుంది, దాని కింద కనీసం 42 నెలలు పరోల్ లేకుండా జైల్లో ఉండాలి. 2013లో ఫిలడెల్ఫియా నుంచి ఒక తల్లి, పిల్లలున్న ఒంటరి మనిషి, పెన్సిల్వేనియా లైసెన్స్ ఉంది, అట్లాంటిక్ కౌంటీలో ట్రాఫిక్ స్టాప్‌లో తనే ఆఫీసర్‌కు "నా దగ్గర గన్ ఉంది, ఇదిగో లైసెన్స్" అని చెప్పింది. అక్కడే అరెస్ట్ చేశారు. నిజాయితీగా చెప్పినందుకు జైలు అంచు దాకా వెళ్ళింది. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టాక గానీ ఆ మచ్చ పోలేదు. ఆమె సిటిజన్. నువ్వు గ్రీన్ కార్డ్ మనిషివి. నీకు గవర్నర్ దాకా వెళ్ళే ముందే ఇమ్మిగ్రేషన్ కోర్టు నోటీసు వస్తుంది.

మా దగ్గర మ్యాగజైన్‌లో, అంటే గన్‌లో తూటాలు నింపే పెట్టెలో, 10 రౌండ్లకు మించకూడదు. హాలో పాయింట్ (కొన బోలుగా ఉండే) బుల్లెట్లకు వేరే ఆంక్షలు. టెక్సస్ షాపులో మామూలుగా అమ్మే పిస్టల్‌తో వచ్చే 15, 17 రౌండ్ల మ్యాగజైన్ ఇక్కడ అదే ఒక కేసు.

మావారు పర్మిట్ తీసుకున్నారు కాబట్టి ఆ తిప్పలు తెలుసు. ముందు ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డు. తర్వాత ప్రతి హ్యాండ్‌గన్‌కూ విడిగా కొనే పర్మిట్. క్యారీకి 200 డాలర్ల ఫీజు, ట్రైనింగ్, మన రక్త సంబంధీకులు కాని నలుగురి సాక్ష్యం. ఇదంతా 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు వచ్చాకే సాధ్యమైంది. అంతకుముందు "నీకు ప్రత్యేకంగా ప్రాణభయం ఉందని నిరూపించు" అనేవారు, మామూలు మనిషికి ఇచ్చేవారే కాదు.

---

ఫ్రిస్కో_కృష్ణాతీరం

అక్కా, చాలా థ్యాంక్స్. కానీ అన్‌లోడ్ చేసి డిక్కీలో తాళం వేసి తీసుకెళ్తే ఏ రాష్ట్రమైనా దాటొచ్చని ఒక ఫెడరల్ చట్టం ఉందట కదా?

---

నేపర్‌విల్_మామయ్య

ఉంది బాబూ. 1986 నాటి ఫోపా, గన్ యజమానుల రక్షణ చట్టం. గన్‌లో తూటాలు ఉండకూడదు, గన్ గానీ తూటాలు గానీ సీట్లో కూర్చుని చేయి చాపితే అందకూడదు. డిక్కీ లేని ఎస్‌యూవీ అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఆ పెట్టె గ్లవ్ బాక్స్, కన్సోల్ కాకూడదు. అసలు షరతు వేరే. నువ్వు బయలుదేరే చోటా, చేరే చోటా ఆ గన్ నీ దగ్గర ఉండటం చట్టబద్ధమై ఉండాలి. మధ్య రాష్ట్రాలను దాటడానికే ఆ రక్షణ. నువ్వు న్యూజెర్సీ దాటిపోవడం లేదు, అక్కడే దిగుతున్నావు. దిగేది సొంత ఇల్లు కూడా కాదు.

నేను డాలస్ నుంచి ఆ దారిలో రెండుసార్లు వచ్చాను. ఆర్కన్సా, టెనెసీ దాకా పెద్ద చిక్కు లేదు. ఐ-81 హైవే ఎక్కాక వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, తర్వాత మేరీల్యాండ్ తగులుతుంది. ఎంత దూరం? పన్నెండు మైళ్ళు. హేగర్స్‌టౌన్ పక్కగా పావుగంట కూడా పట్టదు. కానీ మేరీల్యాండ్ వేరే రాష్ట్రాల లైసెన్సులు ఒప్పుకోదు. నడుముకు గన్ పెట్టుకుని వర్జీనియాలో టీ తాగి బండెక్కినవాడు, బోర్డు గమనించకుండా ఆ పన్నెండు మైళ్ళలో నేరస్తుడైపోతాడు. లైసెన్స్‌ను డ్రైవింగ్ లైసెన్స్‌లాగా అనుకోవడమే మనవాళ్ళు చేసే తప్పు. డ్రైవింగ్ లైసెన్స్ అన్ని రాష్ట్రాలూ ఒప్పుకుంటాయి. ఇది ఒప్పుకోవు.

మా ఇల్లినాయ్‌లో అయితే ఇంట్లో గన్ ఉండాలన్నా, తూటా కొనాలన్నా ఫాయిడ్ కార్డు, అంటే రాష్ట్రం ఇచ్చే గన్ యజమాని ఐడీ, కావాలి. 2013 దాకా కన్సీల్డ్ క్యారీ (గన్ కనపడకుండా వెంట పెట్టుకోవడం) అసలే లేని ఆఖరి రాష్ట్రం మాదే. కోర్టు చెప్పాక ఇచ్చారు. 16 గంటల ట్రైనింగ్.

మా నాన్నగారికి పల్నాడులో లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవారు. మనకు తెలిసిన పద్ధతి అది. లైసెన్స్ ఇచ్చే అధికారి ఒకడు, అడిగినప్పుడు అప్పగించాలి, చట్టం దేశమంతటికీ ఒక్కటే, 1959 నాటి ఆయుధాల చట్టం. ఆ అలవాటుతో ఇక్కడ ఆలోచిస్తే తేడా కొడుతుంది. ఇక్కడ పైన ఫెడరల్, కింద యాభై రాష్ట్రాలు, కొన్నిచోట్ల ఊరి నిబంధనలు.

---

అట్లాంటా_ఓరుగల్లు

నాకు రెండు గ్యాస్ స్టేషన్లు ఉన్నాయి, సిటిజన్‌ను. జార్జియాలో కూడా 2022 ఏప్రిల్ నుంచి లైసెన్స్ లేకుండా క్యారీ చేయొచ్చు. అయినా నేను కౌంటీ ప్రొబేట్ కోర్టులో తీసుకున్న లైసెన్స్‌ను రెన్యూ చేయిస్తూనే ఉన్నాను. 2024లో సౌత్ కరోలినా, లూసియానా కూడా చేరాక ఇలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి.

నా తప్పు ఒకటి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. స్టోర్ మూసి ఇంటికొచ్చి, అదే బ్యాగ్ తీసుకుని తెల్లవారుజామున ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. గన్ బ్యాగ్‌లోనే ఉంది. ఎక్స్‌రే బెల్టు ఆగిపోయింది. పోలీసులు వచ్చారు. మా అమ్మాయి పక్కనే నిలబడి ఏడ్చింది. నెలల తరబడి లాయర్, ఎయిర్‌పోర్టు భద్రత చూసే టీఎస్ఏ జరిమానా. 2023లో దేశం మొత్తం మీద టీఎస్ఏ 6,737 గన్‌లు ఇలా పట్టుకుంది, పదిలో తొమ్మిదికి పైగా లోడ్ చేసినవే. అందరూ మరిచిపోయామనే చెబుతారు. జరిమానా 15 వేల డాలర్లు దాటి కూడా వెళ్ళొచ్చు. విమానంలో తీసుకెళ్ళాలంటే అన్‌లోడ్ చేసి, గట్టి పెట్టెకు తాళం వేసి, కౌంటర్‌లో చెప్పి చెక్-ఇన్ చేయాలి. అప్పుడు కూడా దిగే రాష్ట్రం చట్టం చూసుకోవాలి. ఇప్పుడు గన్ బ్యాగ్ వేరు, ప్రయాణం బ్యాగ్ వేరు. ఒకదానిలోది ఇంకోదానిలో పెట్టను.

---

ఫ్రిస్కో_కృష్ణాతీరం

ఇంట్లో సంగతి చెప్పండి. తమ్ముడు, అమ్మానాన్న వాళ్ళ ముందు గన్ ఇంట్లో ఉంటేనే తప్పా?

---

ప్లేనో_పాతకాపు

ఉండటం తప్పు కాదు, వాళ్ళకు అందుబాటులో ఉంటే తప్పు. చేతిలో లేకపోయినా, అది తీసే వీలూ, తీద్దామన్న ఉద్దేశమూ ఉంటే ఉన్నట్టే లెక్క. కన్‌స్ట్రక్టివ్ పొసెషన్ అంటారు. పడకగది సొరుగులో పెట్టి, "రాత్రి ఎవరైనా వస్తే అక్కడుంది తమ్ముడూ" అని చెప్పారనుకోండి, వాణ్ణి మీరే ఇరికించినట్టు. సేఫ్ కొనండి. నంబర్ మీకూ మీ ఆవిడకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. తూటాలు కూడా అందులోనే. నాన్నగారు ఎంత ముచ్చటపడినా చేతికివ్వకండి, రేంజ్‌కు తీసుకెళ్ళకండి.

పాప విషయం కూడా అదే. టెక్సస్ పీనల్ కోడ్ 46.13 ప్రకారం 17 ఏళ్ళ లోపు పిల్లలకు పేలే స్థితిలో ఉన్న గన్ అందేలా వదిలితే పెద్దవాళ్ళ మీద కేసు. దాంతో ఎవరికైనా ప్రాణం పోతే కేసు ఇంకా పెద్దది.

---

ఎడిసన్_అక్క

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. నేను ఇక్కడ గృహహింస బాధితులకు వాలంటీర్‌గా పనిచేస్తాను. ఇంట్లో గొడవ పెరిగి 911కు ఫోన్ వెళ్తే, కోర్టు ప్రొటెక్టివ్ ఆర్డర్ ఇస్తే, ఆ ఆర్డర్ అమల్లో ఉన్నంతకాలం గన్ ఉండకూడదు. గృహహింస కేసులో చిన్న మిస్‌డిమీనర్‌కు శిక్ష పడినా ఫెడరల్ నిషేధమే. ప్రొటెక్టివ్ ఆర్డర్ వల్ల వచ్చే నిషేధాన్ని సవాలు చేసిన రహిమి కేసు మీ డాలస్ పక్కన టారెంట్ కౌంటీలోనే మొదలైంది. 2024లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా ఆ నిషేధాన్ని సమర్థించింది.

చట్టం కన్నా ముందు మనిషి. అమెరికాలో గన్‌తో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి, వీసా గడువు మీద పడి, ఎవరికీ చెప్పుకోలేక కుంగిపోయిన పిల్లలను నేను చూశాను. ఆ స్థితిలో మనిషి ఉన్న ఇంట్లో గన్ ఉండకూడదు. నీ తమ్ముడు ఎలా ఉన్నాడో కూర్చుని అడిగావా? ఆ తర్వాతే సేఫ్ కొను.

---

ఫ్రిస్కో_కృష్ణాతీరం

అక్కా, మీ మాట చదివి ఆ రాత్రే వాడితో మాట్లాడాను. ఇంటర్న్‌షిప్ రాలేదని రెండు నెలలుగా మాకు చెప్పలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ గన్ కొనడం రెండు నెలలు వాయిదా వేశాం. ముందు అలారం, కెమెరాలు పెట్టించాం. బంగారం మొత్తం బ్యాంకు లాకర్‌లో పెట్టాం. మా ఆవిడకు సగం భయం దాంతోనే పోయింది.

---

ప్లేనో_పాతకాపు

మంచి పని చేశారు. కొన్నాక లైసెన్స్ క్లాసులో బోర్డుల గురించి శ్రద్ధగా వినండి. 30.06 అని రాసిన బోర్డు ఉన్న చోటికి లైసెన్స్ ఉన్నా కనపడకుండా పెట్టుకుని వెళ్ళకూడదు. 30.07 బయటికి కనపడేలా పెట్టుకునేవాళ్ళకు. 30.05 లైసెన్స్ లేనివాళ్ళకు. ఎర్రగా 51 శాతం అని రాసి ఉంటే అది బార్, అక్కడ ఎవరికీ కుదరదు. గుడికి వెళ్ళినా గుమ్మం దగ్గర బోర్డు చూడండి. పోలీసు ఆపి ఐడీ అడిగితే డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు క్యారీ లైసెన్స్ కూడా ఇవ్వాలి. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, గన్ ఎక్కడుందో నోటితో చెప్పండి, దాని వైపు చేయి పెట్టకండి.

---

ఎంఎస్_విద్యార్థి

చిన్న అప్‌డేట్. కజిన్ పేరు మీద కొంటానన్నవాడు మానుకున్నాడు. ఈ థ్రెడ్ లింక్ పంపాను. స్టోర్ ఓనర్‌తో మాట్లాడి రాత్రి షిఫ్ట్‌లో ఇద్దరు ఉండేలా మార్పించుకున్నారు.

---

ఫ్రిస్కో_కృష్ణాతీరం

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. నవంబర్ మొదట్లో కొన్నాం. క్లాసు అయిపోయింది, రేంజ్‌లో పాసయ్యాను, మా ఆవిడకు నాకన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. సేఫ్‌ను గోడకు బోల్టులతో బిగించాం, నంబర్ మా ఇద్దరికే తెలుసు. అమ్మానాన్న వచ్చారు. నాన్న ఒకసారి చూపించమన్నారు. ఎందుకు కుదరదో వీసా స్టాంప్ చూపించి చెప్తే అర్థం చేసుకున్నారు.

రేపు తెల్లవారుజామున ఎడిసన్ బయలుదేరుతున్నాం. గన్ ఇంట్లోనే ఉంటుంది. అట్లాంటా అన్న చెప్పింది గుర్తొచ్చి ఇందాక కారంతా వెతికాను. రేంజ్‌కు వెళ్ళిన రోజువి రెండు తూటాలు వెనక సీటు కింద దొరికాయి, సరిగ్గా తమ్ముడు కూర్చునే చోట. తీసి సేఫ్‌లో పెట్టాను.